ఏడిళ్ల పిల్లికి నివాళి ఎవరు రాయాలి?

కుక్కకు విగ్రహం పెట్టాలంటే లోకం కారణం కోసం వెతుక్కోదు. విశ్వాసం అనే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. టోక్యోలో షిబుయా స్టేషన్ ముందు 1934లో హచికోకు, ఎడిన్‌బరోలో 1873లో గ్రేఫ్రయర్స్ బాబీకి విగ్రహాలు లేచింది ఆ ఒక్క మాట మీదే. పోయిన యజమాని కోసం ఒకటి రైలు స్టేషన్‌లో ఎదురుచూసింది, రెండోది సమాధి దగ్గర కాపలా పడుకుందని చెప్పుకున్నారు. పిల్లి దగ్గర ఈ లెక్క కుదరదు. అందులోనూ ఇంటిపట్టున ఉండని పిల్లి దగ్గర అసలే కుదరదు. తెల్లారగానే గోడ దూకి, ఏ మిట్టమధ్యాహ్నమో వచ్చి గిన్నెలో ఉన్నది తిని, ఒళ్లు విరుచుకుని మళ్లీ మాయమయ్యే జీవి అది. అది ఎవరి కోసమూ ఎదురుచూడదు. దాని కోసం ఎదురుచూసేది మనమే.

అయినా గడిచిన రెండువందల ఏళ్లలో ఇలాంటి పిల్లుల పేరు మీద కంచు విగ్రహాలు వెలిశాయి, పుస్తకాలు అచ్చయ్యాయి, పత్రికల్లో మరణవార్తలు వచ్చాయి, ఊళ్లు చందాలు వేసుకున్నాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన సంగతి ఇది. బయట తిరిగే పిల్లి బతుకు ఏ ఒక్కరికీ మొత్తంగా తెలియదు. ఒకరికి దాని పొద్దుటి పూట తెలుసు, ఇంకొకరికి రాత్రి తెలుసు. మధ్యలో ఏం చేసిందో ఎవరికీ తెలియదు. కాబట్టి దాని జ్ఞాపకం ఏ ఒక్క ఇంటి సొత్తూ కాలేదు. నిజాయితీ ఉన్న నివాళులు ఈ ఖాళీని ఖాళీగానే ఉంచుతాయి. తక్కినవి దాన్ని వీరగాథలతో పూడ్చేస్తాయి.

పిల్లిని గౌరవంగా సాగనంపడం కొత్త సంగతేమీ కాదు. సైప్రస్‌లో షిల్లూరోకంబోస్ అనే చోట సుమారు 9,500 ఏళ్ల నాటి మనిషి సమాధికి మూరెడు కూడా లేని దూరంలో ఓ పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈజిప్టులో మూడో అమెన్‌హోటెప్ కొడుకు థుట్మోస్ యువరాజు తన పెంపుడు పిల్లి తా-మియుకు సున్నపురాయితో శవపేటిక చెక్కించాడు. ఇంట్లో పిల్లి చనిపోతే ఈజిప్టువాళ్లు కనుబొమలు గొరిగించుకునేవారని హెరోడోటస్ రాశాడు. ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క, అదే ఈజిప్టు నుంచి 1890లో లక్షా ఎనభై వేల దాకా పిల్లి మమ్మీలను ఓడకెక్కించి లివర్‌పూల్‌కు పంపారు, పొలాలకు ఎరువుగా. ఒక తరం కనుబొమలు గొరిగించుకుని పూడ్చినదాన్ని ఇంకో తరం టన్నుల లెక్కన అమ్ముకుంది. అయితే ఆ పిల్లుల్లో ఎక్కువ భాగం దేవతకు మొక్కుబడిగా సమర్పించడానికి పెంచి చంపినవి. తా-మియుకు పేరైతే ఉంది, కాని ఫలానా పనులు చేసేదని చెప్పుకోదగ్గ పిల్లి మనకు కనిపించాలంటే చాలా ముందుకు రావాలి. నా లెక్కలో ఆ మొదటి పిల్లి ట్రిమ్.

1799లో రిలయన్స్ అనే బ్రిటిష్ ఓడ కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి ఆస్ట్రేలియాలోని బోటనీ బే వైపు వెళ్తుండగా నడిసముద్రంలో పుట్టింది ట్రిమ్. ఒళ్లంతా నలుపు, నాలుగు పాదాలూ తెలుపు, ఎద మీద తెల్లటి మచ్చ. కూనగా ఉన్నప్పుడే నీళ్లలో పడిపోతే ఈదుకుంటూ ఓడ పక్కకు వచ్చి, వేసిన తాడు పట్టుకుని పైకి పాకింది. నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ మనసు దోచింది ఆ తెగువే. 1801 నుంచి 1803 దాకా ఫ్లిండర్స్ ఇన్వెస్టిగేటర్ ఓడలో ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టి పటం గీస్తే, ట్రిమ్ కూడా ఆ ఖండాన్ని చుట్టొచ్చింది. ఆ తరువాత ఎక్కిన పోర్పాయిస్ ఓడ పగడపు దిబ్బ మీద బద్దలైనప్పుడు ఒడ్డుకు చేరినవాళ్లలో అదీ ఉంది. ఇంగ్లండు తిరిగి వెళ్తూ 1803 చివర్లో మారిషస్‌లో ఆగిన ఫ్లిండర్స్‌ను ఫ్రెంచివాళ్లు గూఢచారి అనుకుని బంధించారు. ఆరేళ్ల పైచిలుకు అక్కడే ఉంచేశారు.

అసలు కథ అక్కడుంది. నిర్బంధంలో పిల్లికి రక్షణ ఉండదని ఒక ఫ్రెంచి మహిళ తన చిన్నకూతురికి తోడుగా ట్రిమ్‌ను తీసుకెళ్లింది. రెండు వారాలు గడవకముందే పిల్లి కనబడకుండా పోయింది. తెచ్చి ఇచ్చినవారికి పది స్పానిష్ డాలర్లు ఇస్తామని ప్రకటించినా ఆచూకీ దొరకలేదు. 1804లో జరిగిన ఈ సంగతి మీద ఫ్లిండర్స్ 1809లో, ఇంకా బందీగా ఉండగానే, ట్రిమ్ జీవితచరిత్ర రాశాడు. అది ఆటపట్టింపు రాత. ఓ గొప్ప ప్రభువుకో సేనానికో రాసే నివాళి ధోరణిలో పిల్లి వంశం, విద్యాభ్యాసం, నౌకాశాస్త్ర పాండిత్యం వర్ణిస్తాడు. భోజనాల బల్ల దగ్గర అధికారుల ఫోర్కుల మీది మాంసం ముక్క అది ఎంత నేర్పుగా లాగేసేదో చెబుతాడు. నవ్విస్తూ నవ్విస్తూ చివరికి వచ్చేసరికి, ఆకలిగొన్న నల్లజాతి బానిస ఎవరో దాన్ని వండుకుని తిని ఉంటాడని అనుమానం వెలిబుచ్చుతాడు. ఆధారం లేదు, చూసిన సాక్షి లేడు. పోయిన పిల్లి మీద బెంగ తీర్చుకోవడానికి ఎవరో ఒకరిని దోషిగా నిలబెట్టాలి. ఆ కాలంలో, ఆ ద్వీపంలో, ఆ నిందకు చేతికందిన మనిషి బానిస. ట్రిమ్ గురించి ముచ్చటగా చెప్పుకునే చాలామంది ఈ వాక్యాన్ని దాటేస్తారు. నాకైతే ఆ రచనలో మనిషి పట్టుబడేది అక్కడే అనిపిస్తుంది. పిల్లి ఎక్కడికి పోయిందో తెలియని బాధ ఎంత త్వరగా కోపంగా మారుతుందో చూడాలంటే ఆ పేజీ చాలు.

ఆ రాతప్రతి గ్రీనిచ్ సముద్రయాన మ్యూజియం కాగితాల్లో పడి ఉండి 1971లో బయటపడింది. 1996లో సిడ్నీలో మిచెల్ లైబ్రరీ కిటికీ అరుగు మీద, ఫ్లిండర్స్ విగ్రహం వెనక, ట్రిమ్ కంచు విగ్రహం పెట్టారు. తరువాత ఆయన పుట్టిన డోనింగ్టన్‌లో, లండన్ యూస్టన్ స్టేషన్‌లో పెట్టిన ఫ్లిండర్స్ విగ్రహాల్లోనూ పిల్లి కాళ్ల దగ్గర చేరింది.

ఓడ పిల్లులకు మాత్రమే ఇంత చరిత్ర ఎందుకు దొరికింది? ఓడలో కాగితం ఉంది, కలం ఉంది, రోజువారీ దినచర్య రాసే ఆనవాయితీ ఉంది, అన్నిటికీ మించి పిల్లి పారిపోవడానికి చోటు లేదు. అది తిరిగినంత మేరా ఎవరో ఒకరి కంటబడుతూనే ఉంటుంది. అంటార్కిటికా యాత్రకు బయల్దేరిన షాకిల్టన్ ఎండ్యూరెన్స్ ఓడలో వడ్రంగి హ్యారీ మెక్‌నీష్ వెంట వచ్చిన పిల్లి పేరు మిసెస్ చిప్పీ. చారల గండుపిల్లి. ఆడపేరు పెట్టి చాలా రోజులు గడిచాక గాని మగదని తెలుసుకోలేదు. ఒక రాత్రి కిటికీలోంచి సముద్రంలోకి దూకితే, ఓడను వెనక్కి తిప్పి మరీ దాన్ని పైకి తీశారు. మంచు పట్టి ఓడ నలిగిపోయాక, 1915 అక్టోబర్ 29న, వెంట తీసుకెళ్లలేమని షాకిల్టన్ ఆదేశం మీద దాన్ని కాల్చేశారు. మెక్‌నీష్ ఆ సంగతి జన్మలో మరచిపోలేదు. ఆయన 1930లో వెల్లింగ్టన్‌లో పోయాడు. 2004లో న్యూజిలాండ్ అంటార్కిటిక్ సొసైటీ ఆయన సమాధి మీద నిజం పిల్లంత కంచు పిల్లిని పడుకోబెట్టింది. సాహసయాత్రికులకు ఇచ్చే పోలార్ మెడల్ మెక్‌నీష్‌కు దక్కలేదు. ఆ పతకం ఇప్పించలేనివాళ్లు పిల్లిని ఇచ్చారు. నాకు తెలిసిన పిల్లి స్మారకాలన్నిట్లో ఇంత సూటిగా మనసుకు తగిలేది ఇంకొకటి లేదు.

ఇక మిగతా సైనిక పిల్లుల సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. 1949లో యాంగ్జీ నదిలో చిక్కుకున్న అమెథిస్ట్ నౌకలో గాయపడి కూడా ఎలుకలను పట్టిన సైమన్ కథ నిజమే. బ్రిటన్‌లో జంతువులకిచ్చే డికిన్ మెడల్ పొందిన పిల్లి అదొక్కటే. ఆ ఏడాది నవంబర్‌లో క్వారంటైన్‌లో చనిపోతే ఇల్ఫర్డ్ జంతు శ్మశానంలో పూడ్చారు. కాని బిస్మార్క్, కోసాక్, ఆర్క్ రాయల్ అనే మూడు ఓడలు మునిగినా బతికి బయటపడిందని చెప్పే 'మునగని సామ్' కథను గట్టిగా పట్టుకుంటే జారిపోతుంది. దాని పేరుతో తిరుగుతున్న ఫొటోల్లో ఉన్నవి వేర్వేరు పిల్లులు. గ్రీనిచ్‌లో దాని పాస్టెల్ చిత్రం ఉంది, అది చరిత్ర అయిపోదు. క్రిమియా యుద్ధం నాటి సెవాస్తొపోల్ టామ్ అని లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉన్న గడ్డి కూరిన పిల్లి కూడా అసలుదేనా అన్న అనుమానం ఉంది. ఫ్రాన్స్ 1963 అక్టోబర్ 18న రాకెట్‌లో పైకి పంపిన ఫెలిసెట్ గురించి చెప్పేటప్పుడు సాహసం అన్న మాట వాడటానికి నాకు నోరు రాదు. పిల్లిని పట్టుకొచ్చి, మెదడులో తీగలు అమర్చి, పదమూడు నిమిషాల ప్రయాణంలో అంతరిక్షం చూపించి, రెండు నెలల తరువాత పరీక్ష కోసం చంపేశారు. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో దానికి పెట్టిన విగ్రహం భూగోళం మీద కూర్చుని పైకి చూస్తూ ఉంటుంది. బాగుంది. కాని ఆ పిల్లి గోడ దూకి వెళ్లలేదు, దాన్ని ఎక్కించారు.

నేను వెతికేది తన కాళ్ల మీద తాను వెళ్లిన పిల్లిని. అలాంటివాటిలో లాస్ ఏంజెలెస్ పిల్లి రూమ్ 8 ముందు నిలుస్తుంది. 1952లో ఎలీషియన్ హైట్స్ ప్రాథమిక పాఠశాలలో ఎనిమిదో నంబరు గదిలోకి ఓ బక్కచిక్కిన పిల్లి నడుచుకుంటూ వచ్చింది. పేరు అలా పడింది. బడి నడిచినన్నాళ్లూ పిల్లల డెస్కుల మీద పడుకునేది. వేసవి సెలవులిస్తే మాయమయ్యేది. బడి తెరిచిన రోజున మళ్లీ ప్రత్యక్షమయ్యేది. ఇది ఏటేటా జరిగేసరికి, తెరిచే రోజున కెమెరాలు పట్టుకుని విలేకరులు గేటు దగ్గర కాపు కాసేవారు. దానికి ఉత్తరాలు వచ్చేవి, పెద్ద తరగతి పిల్లలు జవాబులు రాసేవారు. 1968లో చనిపోయినప్పుడు లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోతో మూడు కాలమ్‌ల మరణవార్త వేసింది. బడి బయట సిమెంటులో దాని పాదం గుర్తు ఉంది.

ఆ వేసవులన్నీ అది ఎక్కడ గడిపిందో ఎవరూ రాయలేదు. అది తెలియదు కాబట్టే దాని కథ నిలబడింది. ఇంకో ఇల్లు ఉందని, అక్కడ దానికి ఇంకో పేరు ఉందని తేలి ఉంటే ఆ పిల్లల ముచ్చట ఎంత చప్పబడి ఉండేదో! ఇంగా మూర్ 1990లో రాసిన పిల్లల బొమ్మల కథ 'సిక్స్ డిన్నర్ సిడ్' సరిగ్గా ఈ రహస్యం మీదే నడుస్తుంది. ఒకే వీధిలో ఆరు ఇళ్లు, ఆరు పేర్లు, పూటకు ఆరు భోజనాలు. ఆరు ఇళ్లవాళ్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పిల్లికి దగ్గు వచ్చి ఆరు ఇళ్లవాళ్లూ విడివిడిగా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడంతో గుట్టు రట్టవుతుంది.

ఇది కేవలం కథ అనుకోనక్కర్లేదు. 2013లో బీబీసీ ఇంగ్లండులోని షామ్లీ గ్రీన్ అనే పల్లెలో యాభై పిల్లుల మెడలకు జీపీఎస్ పట్టీలు, కొన్నిటికి చిన్న కెమెరాలు కట్టి చిత్రీకరించింది. కొన్ని పిల్లులు దర్జాగా పరాయి వంటింట్లోకి దూరి అక్కడి పిల్లి గిన్నె ఖాళీ చేసి వచ్చాయి. 2020లో వెలువడిన ఇంకో పెద్ద అధ్యయనం ఆరు దేశాల్లో 900కు పైగా పెంపుడు పిల్లుల తిరుగుడును కొలిచింది. చాలా పిల్లులు ఎక్కువ సమయం ఇంటికి వంద మీటర్ల లోపే గడిపాయి. మనం ఊహించుకునే దండయాత్రలు, దూరప్రయాణాలు వెనక సందు దాటలేదన్నమాట. పెంచుకున్నవారికి ఇది కాస్త నిరాశ కలిగించే లెక్క. నాకు మాత్రం నచ్చింది. వంద మీటర్ల వ్యాసార్ధంలో ఎన్ని గోడలు, ఎన్ని వంటిళ్లు, ఎన్ని కొట్లాటలు పడతాయో మన ఊళ్లలో మేడ మీద నిలబడి చూసినవారికి చెప్పనక్కర్లేదు.

తిరిగినంత మేరా అందరిదీ అయిపోయిన పిల్లికి ఊరే స్మారకం కడుతుంది. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో హేమిష్ మెక్‌హేమిష్ అనే పొడుగు బొచ్చు ఎర్రపిల్లి ఉండేది. సొంత ఇల్లు ఉన్నా దుకాణాల్లో, విద్యార్థుల గదుల్లో, ఎవరి సోఫా ఖాళీగా ఉంటే అక్కడ పడుకునేది. 2014 ఏప్రిల్‌లో, బతికుండగానే, చందాలతో కంచు విగ్రహం పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అది పోయింది. ఇస్తాంబుల్ కాడికోయ్‌లో తొంబిలి అనే లావుపాటి పిల్లి ఫుట్‌పాత్ మెట్టు మీద మోచెయ్యి ఆనించి కాఫీ హోటల్లో కబుర్లకు కూర్చున్న మనిషిలా వాలి ఉన్న ఫొటో లోకమంతా తిరిగింది. 2016 ఆగస్టులో అది చనిపోతే పదిహేడు వేలమంది సంతకాలు పెట్టి విగ్రహం అడిగారు. అక్టోబర్ 4న అదే చోట, అదే వాలకంలో పెట్టారు. నెల తిరిగిన కొద్ది రోజులకే ఎవరో దొంగిలించారు. గొడవ చూసి మళ్లీ తెచ్చి పెట్టారు.

ఇంగ్లండులోని ప్లిమత్‌లో కాస్పర్ అనే పిల్లి 3వ నంబరు బస్సెక్కేది. క్యూలో నిలబడి, వరుస వచ్చినప్పుడు లోపలికి దూకి, సీటు మీద ముడుచుకుని పడుకుని, మొత్తం రూటు తిరిగి మళ్లీ తన స్టాపులో దిగేది. డ్రైవర్లకు తెలుసు, ఎక్కడ దింపాలో. దాని యజమానురాలికి మాత్రం ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. 2010 జనవరిలో రోడ్డు దాటుతున్న కాస్పర్‌ను ఒక టాక్సీ గుద్ది చంపేసి ఆగకుండా వెళ్లిపోయింది. ఆమె ఆ ఏడాదే దాని మీద పుస్తకం రాసింది. దాని బస్సు ప్రయాణాల సంగతులు చెప్పగలిగింది మాత్రం డ్రైవర్లు, ప్రయాణికులే. పిల్లి ఆమెదే, కాని బస్సులో పిల్లి వాళ్లది.

మన దగ్గరికి వస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. తెలుగు పల్లెటూళ్లలో పిల్లిని ముద్దు కోసం పెంచింది తక్కువ. గాదెలో ధాన్యం, ఉట్టి మీద పాలు, అటక మీద పాత సామాన్లు, వాటి మధ్య ఎలుకలు, అందుకని పిల్లి. పని ఉంది కాబట్టి ఉండనిచ్చారు, పేరు పెట్టడం అరుదు. పిల్లి ఎదురొస్తే శకునం బాగోలేదని కాసేపు కూర్చుని వెళ్లడం ఉంది. పిల్లిని చంపితే పాపం, బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలన్న మాటా ఉంది. దుశ్శకునం అన్నారు, చంపొద్దనీ అన్నారు. ఈ రెంటి మధ్య సందులో పిల్లి హాయిగా బతికేసింది. కథల్లో, శిల్పాల్లో మాత్రం దానికి మంచి పేరు రాలేదు. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు రాతి మీద వెనక కాళ్ల మీద లేచి తపస్సు చేస్తున్న దొంగ పిల్లి ఉంది, పక్కనే అమాయకంగా ఎలుకలు. హితోపదేశంలో దీర్ఘకర్ణుడు ముసలి గద్దను నమ్మించి పక్షిపిల్లలను తినేసిన పిల్లి. తెలుగువాళ్లందరికీ తెలిసిన పిల్లి అంటే తెనాలి రామకృష్ణుడి పిల్లి, అది పాలు చూస్తే పారిపోతుంది. ఇందులో ఏదీ ఫలానా పిల్లి జ్ఞాపకం కాదు.

జ్ఞాపకం మాటల్లో మిగిలింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు చెబుతారు. కుదురు లేని మనిషిని కాలుగాలిన పిల్లి అంటారు. రెండూ తిట్టులా వినిపించినా, దాని తిరుగుడును ఎంత దగ్గరనుంచి చూసి అన్న మాటలో! బుట్టలో గుడ్డలు పరిచి పడుకోబెట్టిన ఇంటివాళ్లకు ఆ రాత్రే ఖాళీ బుట్ట మిగిల్చి, కూనల్ని ఒక్కొక్కటిగా మెడ పట్టుకుని పక్కింటి అటక మీదికి చేర్చే పిల్లిని చూడనివారు ఈ మాట పుట్టించలేరు.

ఇప్పుడు అటకలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. మేముండే భవనంలో బూడిదరంగు పిల్లి ఒకటి ఉండేది. తెల్లవారుజామున తలుపు గొళ్లేలకు తగిలించిన సంచుల్లో పాల ప్యాకెట్లు పడతాయి కదా, అది మెట్లెక్కుతూ ఒక్కొక్క సంచీ వాసన చూసి, ఒకదాన్ని మాత్రం ఎంచుకుని గోటితో చీరేది. చిల్లు చిన్నది, సంచి అడుగున చుక్క చుక్క కారుతూ ఉంటే కింద కూర్చుని నాకేది. మూడో అంతస్తులో దాని పేరు రాజు. మొదటి అంతస్తు బామ్మగారు 'దొంగమొహందీ' అని తిడుతూనే పెరుగన్నం పెట్టేవారు. ఒకసారి కొన్ని రోజులు కనబడకపోయేసరికి కింద పార్కింగులో అందరూ దాని ఊసు ఎత్తారు. అప్పుడు గాని తెలియలేదు, సెల్లార్ మీటర్ల గదిలో రాజుగారు పిల్లల్ని పెట్టారని. వాచ్‌మన్ భార్యకు ముందునుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అలా తిరిగొచ్చిన పిల్లులు ఉంటాయి, రానివీ ఉంటాయి. బయట తిరిగే పిల్లి చావులో ఉన్న అసలు కష్టం ఇదే. చాలాసార్లు శవం కనబడదు. అమెరికన్ పరిశోధకురాలు పాలీన్ బాస్ వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను చూసి, పోయాడో ఉన్నాడో తేలని దుఃఖానికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టింది. ఆమె మనుషుల గురించి మాట్లాడింది. కాని పిల్లి కోసం రాత్రి తలుపు ఓరగా తీసి ఉంచేవాళ్లకు ఆ స్థితి ఎలాంటిదో తెలుసు. కర్మకాండ లేదు, సమాధి లేదు, ఏడవడానికి ఒక తేదీ కూడా లేదు. జపాన్ రచయిత నాట్సుమే సోసెకి ఈ విషయంలో అదృష్టవంతుడు. ఆయన ఇంటికి తనంతట తానే వచ్చి చేరిన పేరులేని పిల్లే 'నేను పిల్లిని' నవలకు ప్రేరణ. 1908 సెప్టెంబర్‌లో అది ఇంటి వెనక కొట్టంలో పొయ్యి మీద చచ్చి పడి ఉండగా చూశారు. సోసెకి శిష్యులకు మరణవార్త కార్డులు పంపాడు. యజమాని నవల రాస్తూ తీరిక లేకుండా ఉన్నాడు కాబట్టి అంత్యక్రియలకు రానక్కర్లేదనీ అందులో తెలిపాడు. అప్పటికీ ఆ పిల్లికి పేరు పెట్టలేదు.

చట్టం సంగతి చూస్తే, బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రకారం బండితో కుక్కనో గుర్రాన్నో మేకనో గాడిదనో గుద్దితే డ్రైవరు ఆగి వివరాలు చెప్పాలి. ఆ జాబితాలో పిల్లి లేదు. కాస్పర్‌ను గుద్దిన టాక్సీ ఆగకపోవడం వెనక ఈ ఖాళీ కూడా ఉంది. రోడ్డు పక్క దొరికిన పిల్లి శవాల్లో చిప్ ఉందేమో చూసి ఇంటివాళ్లకు కబురు చేయాలని అక్కడ కొన్నేళ్లుగా ఒక ఉద్యమం నడుస్తోంది. దాన్ని నడిపింది తన పిల్లి ఏమైందో తెలియక బాధపడ్డ ఒక మామూలు మనిషి. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లులకు మైక్రోచిప్ తప్పనిసరి అయింది. కంచు విగ్రహాల కన్నా ఈ బియ్యపు గింజంత చిప్ ఎక్కువ ఇళ్లకు మేలు చేస్తుందని నా నమ్మకం. ఏమైందో తెలుస్తుంది, అంతే. ఆ 'అంతే' కోసమే ట్రిమ్ పేరు మీద పది డాలర్లు ప్రకటించారు.

ఇంతదాకా పిల్లి వైపునుంచే మాట్లాడాను. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. నివాళుల్లో ఎలుకలు లెక్కకు వస్తాయి, అవీ ఘనతగానే. స్కాట్లండులో గ్లెంటరెట్ విస్కీ బట్టీలో 1963 నుంచి 1987 దాకా బతికిన టౌజర్ 28,899 ఎలుకలను చంపిందని గిన్నిస్ పుస్తకంలో ఉంది, అక్కడ విగ్రహమూ ఉంది. కొన్నాళ్లు లెక్కపెట్టి, దాన్ని జీవితకాలానికి హెచ్చవేసిన అంకె అది. పిట్టలు మాత్రం ఏ విగ్రహం పీఠం మీదా కనబడవు. 2013లో అమెరికాలో లెక్కకట్టిన అధ్యయనం ప్రకారం బయట తిరిగే పిల్లులు ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షులను చంపుతాయి. అందులో ఎక్కువ పాపం యజమాని లేని పిల్లులదే. న్యూజిలాండ్‌లో స్టీఫెన్స్ ద్వీపంలో, ఎగరలేని చిన్న పిట్ట ఒకటి ఉండేది, లయాల్స్ రెన్ అని. లైట్‌హౌస్ కట్టిన కాలంలో, 1894 ప్రాంతంలో, పిల్లులు దిగాయి. చూస్తుండగానే ఆ పిట్ట తుడిచిపెట్టుకుపోయింది. లైట్‌హౌస్ కాపలాదారు పెంపుడు పిల్లి టిబుల్స్ ఒక్కటే ఆ జాతినంతా తినేసిందని కథ అల్లుకుంది. తరువాతి పరిశోధనలో తేలిందేమంటే, ద్వీపంలో ఒక్క పిల్లి కాదు, చాలా పిల్లులు ఉన్నాయి. నిందను ఒక్కదాని మీద వేయడం కూడా ఓ రకం సంస్మరణే, తలకిందులుగా. మారిషస్‌లో ఫ్లిండర్స్ చేసిందీ దీనికి దూరపు చుట్టమే.

ఈ పక్షుల లెక్క చూపిస్తే పిల్లి ప్రేమికులు విసుక్కుంటారు, తమ పిల్లి అలాంటిది కాదంటారు. మెడలో గంట కట్టడం దగ్గరే మన సామెత ఆగిపోయింది. ఇప్పుడు నిజంగానే గంటలు, రంగురంగుల పట్టీలు కట్టి చూస్తున్నారు, కొంత వేట తగ్గుతోంది కూడా. కాని పక్షుల పక్షం వహించేవారికి అది చాలదు. వాళ్లడిగేది తలుపు మూయమని.

కొన్నిచోట్ల మూస్తున్నారు కూడా. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ప్రాంతంలో 2022 జూలై 1 నుంచి పుట్టిన పిల్లులను ఇంట్లోనో, పైన వల కట్టిన పెరట్లోనో ఉంచాలి. బయటికి తీసుకెళ్తే తాడు కట్టాలి. ఖండాన్ని చుట్టొచ్చిన ట్రిమ్‌కు లైబ్రరీ అరుగు మీద చోటిచ్చిన దేశమే ఇది. అక్కడి పిట్టలను, చిన్న జంతువులను చూస్తే ఆ చట్టాన్ని తప్పుపట్టలేను. అది అమలైనచోట ఇక హేమిష్‌లు ఉండరు, బస్సెక్కే కాస్పర్‌లు ఉండరు. పిల్లి జీవితం మొత్తం ఒక్క ఇంటివాళ్లకే, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా, తెలుస్తుంది. దాని నివాళి రాయడానికి పొరుగువారిని అడగాల్సిన పని ఉండదు. మన అపార్ట్‌మెంట్లలో మాత్రం ఇంకా అడగాలి. ముందుగా వాచ్‌మన్ భార్యను.